ఆరో నెల ఫోను

ఫిబ్రవరి 26

రాసుకుంటే గుండె బరువు కాస్త దిగుతుందని వదిన ఈ డైరీ తెచ్చిచ్చింది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే ఉండనీ. దిద్దేవాళ్ళెవరున్నారు.

నిన్న నా కూతురు స్కూటర్ మీంచి పడింది. తలకి దెబ్బ. ఐసీయూలో ఉంది. కళ్ళు తెరవలేదు.

ఫిబ్రవరి 26, సాయంత్రం

పెద్ద డాక్టరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. స్కోర్ మూడు అన్నాడు. ఎంతకండీ అని మా ఆయన అడిగాడు. పదిహేనుకట. పిలిస్తే కళ్ళు తెరుస్తుందా, మాట్లాడుతుందా, చెయ్యి కదుపుతుందా అని చూసి వేస్తారట.

బయటికొచ్చి మా ఆయనతో అన్నాను, సున్నా అయితే రాలేదు కదా అని. మూడు మార్కుల పనేదో చేసే ఉంటుంది. గడుగ్గాయి అని ఊరికే పిలుచుకున్నామా దాన్ని. బళ్ళో లెక్కల పరీక్షకి ఏమీ చదవకుండా వెళ్ళినా మూడో నాలుగో తెచ్చుకునేది. ఆయన కూడా అవునన్నాడు. ఇద్దరం కుర్చీల్లో కూర్చుని టీ తాగాం. గొంతు దిగింది.

ఫిబ్రవరి 27

ఒక అమ్మాయి వచ్చింది. తెల్లకోటు, కానీ డాక్టరు కాదట, రీసెర్చ్ అట. గడుగ్గాయి రక్తం కావాలంది. పొడిచిన సూదులు చాలలేదా అన్నాడు మా ఆయన. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. పక్కన కూర్చుని చెప్పింది.

తలకి దెబ్బ తగిలినప్పుడు మెదడులోంచి ఏవో ప్రోటీన్లు రక్తంలోకి కారతాయట. అవి ఎంతున్నాయో చూస్తే లోపలి దెబ్బ ఎంతో తెలుస్తుందేమోనని వెతుకుతున్నారట. ఇప్పటిదాకా మైల్డ్, మోడరేట్, సివియర్ అని మూడు పెట్టెలు చేసుకుని, ఏదో ఒకదాంట్లో మనిషిని పడేసి మూత పెట్టేస్తున్నారట. అది చాలదట. స్కోర్, రక్తం, స్కాన్, ఆ మనిషి సంగతులు అన్నీ కలిపి చూడాలట.

మాదీ మూడు మార్కులు తెచ్చుకుందమ్మా అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుంది. ఏమీ చెయ్యకపోయినా ఒక్కోదానికి ఒకటి వేస్తారు ఆంటీ, మూడు కంటే తక్కువ ఉండదు, అంది.

అంటే ఈ గోడకి పరీక్ష పెట్టినా మూడే.

మూడు వచ్చినవాళ్ళలో లేచి ఇంటికెళ్ళినవాళ్ళున్నారా, ఒక్కరి పేరు చెప్పు చాలు అని చెయ్యి పట్టుకున్నాను. కొందరున్నారు గానీ మీ అమ్మాయి లేస్తుందని నేను అనలేను ఆంటీ అంది. పోనీ రక్తంలో ఏముందో చెప్పు అంటే, ఇప్పుడు చూడరట. ఐస్‌లా గడ్డకట్టించి దాచి, అందరివీ ఒకేసారి తరవాత చూస్తారట. ఆరు నెలలకి ఫోన్ చేసి మీ అమ్మాయి ఎలా ఉందని అడుగుతాం అంది.

సంతకం పెట్టాం. నా కూతురు సంగతి ఎక్కడో గడ్డకట్టి ఉంటుంది, నాకు మాత్రం తెలియదు.

మార్చి 5

కనురెప్ప కదిలిందన్నాను. గాలికి అంది నర్సు. ఐసీయూలో గాలెక్కడిది.

మార్చి 19

వెంటిలేటర్ తీశారు. గొంతుకి చేసిన కంతలోంచి తనే ఊపిరి పీలుస్తోంది. కళ్ళు తెరిచింది. చూడటం లేదు, తెరిచింది అంతే. నేను ఎటు నిలబడినా నా పక్కనున్న దేన్నో చూస్తున్నట్టుంటుంది.

మార్చి 28

ఇంటి దగ్గర చిన్న నర్సింగ్ హోమ్‌కి మార్చాం. ఇక్కడ రక్తం అమ్మాయి రాదు. తిప్పి పడుకోబెట్టడం, గొట్టంలో పాలు పొయ్యడం, గొంతులో కఫం లాగడం నేర్చుకున్నాను. అమ్మా అనవే ఒకసారి అని చెవిలో అడుగుతాను. పొద్దున్నే అడుగుతాను, అప్పుడైతే ఓపిక ఉంటుందని.

మే 6

జ్వరం దిగలేదు. రొమ్ములో నిమ్ము చేరిందన్నారు.

ఆగస్టు 18

గడుగ్గాయి మేలో పోయింది. అందుకే రాయలేదు.

మళ్ళీ లాండ్రీలో పనికి వెళ్తున్నాను. హోటల్ దుప్పట్లు వేడివేడిగా వస్తాయి, మడత పెట్టాలి. ఎవరూ ఏమీ అడగరు. సూపర్‌వైజర్ మాత్రం ఒకరోజు, నీకు పిల్లలెంతమంది అని అడిగి నాలుక కరుచుకుంది.

ఆగస్టు 26

ఇవాళ ఫోన్ వచ్చింది. కొత్త గొంతు. రీసెర్చ్ నుంచి, ఆరు నెలలైంది కదమ్మా, కొన్ని ప్రశ్నలుంటాయి అంది. మీ అమ్మాయి ఇంట్లోనే ఉందా అని అడిగింది.

ఏం జరిగిందో నాకే తెలియదు. లేదమ్మా పనికెళ్ళింది అన్నాను.

ఆమె గొంతు మారిపోయింది. పనికి వెళ్తోందా అంది. పోయిన నెల నుంచీ అన్నాను. కళ్ళజోళ్ళ షాపు, ముందు చేసిన చోటే. ఇంట్లో ఒక్కతే ఉండగలదా అంటే, మమ్మల్ని బయటికి తరిమి మరీ ఉంటుంది అన్నాను. కొట్టుకెళ్ళి సరుకులు తెచ్చుకోగలదా అంటే, తెస్తుంది గానీ చెప్పినవి తేదు అన్నాను. స్నేహితులతో కలుస్తుందా అంటే, పోట్లాడుతుంది, మళ్ళీ తనే వెళ్ళి పలకరిస్తుంది, ముందూ అంతే అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. తలనొప్పి వస్తుందా అంటే అప్పుడప్పుడు అన్నాను. అన్నీ బాగున్నాయంటే నమ్మరని.

ఇంకా ప్రశ్నలుంటే బాగుండు అనిపించింది. అయిపోయాయంది.

చాలా రోజులకి ఇవాళ తిండి సయించింది. మా ఆయనకి చెప్పలేదు.

ఆగస్టు 30

రక్తం అమ్మాయే ఫోన్ చేసింది. ఆంటీ అని మాత్రం అనగలిగింది, తరవాత ఏడ్చేసింది. సంతోషంతో.

ఇప్పుడు రక్తాలన్నీ చూశారట. అందరిలోకీ గడుగ్గాయిదే ఎక్కువ నంబరట. అంత నంబరున్నవాళ్ళెవరూ మళ్ళీ పనికి వెళ్ళలేదట. వాళ్ళ పెద్దాయన రెండుసార్లు అడిగాడట, సరిగ్గా విన్నారా అని. ఒకసారి తీసుకురండి ఆంటీ, కారు పంపిస్తాం, నేనూ చూడాలి తనని, అంది.

కొంగు నోట్లో కుక్కుకున్నాను. మీరూ ఏడుస్తున్నారా అంది.

ఆ తరవాత ఇంకో మాట చెప్పింది. ఇప్పుడు అదే ఐసీయూలో ఒకావిడ ఉందట, కొడుక్కి ఇలాగే. ఊపిరి మిషన్ తీసెయ్యాలా ఉంచాలా అని ఇంట్లో గొడవట. చెప్పకూడదు గానీ మీ అమ్మాయి సంగతి చెప్పేశాను ఆంటీ, ఒక్కరినైనా చెప్పమని చేతులు పట్టుకుంది, అప్పుడు మీకు చెప్పలేకపోయాను కదా, అంది.

ఆగస్టు 31

మా ఆయనకి చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను.

పనికెళ్తోందని చెప్పావా అన్నాడు. అవునన్నాను. ఏ షాపు అని అడిగాడు. పాత షాపే అన్నాను. జీతం పెంచారా అన్నాడు. అంత దూరం అడగలేదన్నాను. పెంచమని చెప్పాల్సింది, పిల్ల అంత కష్టపడి లేచింది, అన్నాడు.

ఆ మాటన్నాక స్నానాల గదిలోకి వెళ్ళి నీళ్ళు వదిలాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడే.

సెప్టెంబర్ 1

దుప్పట్లు నాలుగు తప్పుగా మడిచాను. సూపర్‌వైజర్ విప్పి మళ్ళీ ఇచ్చింది.

ఆ తల్లి ఇప్పుడు నా అబద్ధం పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ కుర్చీ నాకు తెలుసు, దాని ఎడమ చెయ్యి ఊగుతుంది. అప్పుడు నాకెవరైనా ఇలాంటి అబద్ధం చెప్పి ఉంటే కాళ్ళు మొక్కేదాన్ని. తరవాత అబద్ధమని తెలిస్తే వాళ్ళ గొంతు పిసికేదాన్ని. రెండూ నిజమే, అదే నా గోల.

నిజంగానే ఆ అబ్బాయి లేస్తాడేమో. ఎవరికి తెలుసు. వాళ్ళకీ తెలియకే కదా మా అందరి రక్తం దాచుకుంటున్నారు. అందులో నేను చెప్పిన మాట కలిసిపోతే, ఇంత చెడిన రక్తంతోనూ పనికి వెళ్తారని రాసుకుంటారు. రాసుకున్నది ఇంకెంతమందికి చెప్తారో.

చెప్పాలి. కానీ వాళ్ళ కాగితాల్లో, అక్కడొక్కచోటే అది బతికుంది. పొద్దున్న పనికెళ్తుంది, పోట్లాడుతుంది, తలనొప్పి అంటుంది. ఆ ఒక్కచోటు నేనే ఎలా మూసెయ్యను.

సెప్టెంబర్ 2, ఉదయం పది

నేనే ఫోన్ చేశాను. రక్తం అమ్మాయే ఎత్తింది.

మా అమ్మాయి లేదమ్మా అన్నాను.

ఎక్కడికెళ్ళింది ఆంటీ అని అడిగింది.

మే తొమ్మిదిన, అన్నాను.