అమ్మల్ని రానిచ్చిన వార్డు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

ఒక కడుపున పుట్టకపోయినా, పసిపిల్లల వార్డులో ఆరేళ్లు నీ పక్కన నర్సుగా పనిచేసిన నీ చెల్లెలు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం కులాసా. నా మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేశాయి. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. పదకొండేళ్లకి ఇప్పుడు గుర్తొచ్చానా అనుకోకుండా చివరిదాకా చదువు.

మొన్న మన డాక్టరమ్మ రిటైరయ్యారు. సభ వద్దన్నారు, దండలు వద్దన్నారు. మధ్యాహ్నం వార్డుకొచ్చి ఓ మూల స్టూలు మీద కూర్చున్నారు, అంతే. కిటికీ తెరల్లోంచి పాలలాంటి వెలుతురు. కుర్చీల్లో వెనక్కి వాలిన తల్లులు. ఒక్కొక్కరి గుండెల మీద, దుప్పటి కింద, గుప్పెడంత బిడ్డ. తల్లులందరికీ కునుకు పట్టింది. ఏ ఊపిరి ఎవరిదో తెలియడం లేదు. గదంతా ఒకే ప్రాణిలా మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. ఒక కుర్చీలో లారీ డ్రైవరు, భార్యకి ఆపరేషనైందట. కదిలితే బిడ్డ కందిపోతుందేమోనని బిగుసుకుపోయాడు. డాక్టరమ్మ వెళ్లి, ఊపిరి తీసుకో నాయనా, నీ ఊపిరి వినే అది తన ఊపిరి నేర్చుకుంటుంది అన్నారు.

తల్లుల్ని రానిచ్చిన ఆ మొదటి రోజు నా కళ్లకు కట్టింది. ఒక ఇంక్యుబేటరు పాడై, మిగిలినదాంట్లో ముగ్గుర్ని ఇరికించాం. కిలో బరువైనా లేని పిల్ల చల్లబడిపోతోంది. తల్లులు లోపలికి రాకూడదని రూలు. అమ్మని మించిన ఇంక్యుబేటరు ఏ కంపెనీ చేసిందర్రా, తలుపు తియ్యండి అన్నారు డాక్టరమ్మ. నేను కొయ్యబారిపోయాను. గడియ తీసింది నువ్వు. తల్లి గుండెల మీద పడుకోబెట్టిన గంటలో ఆ పిల్ల పాదాలు ఎర్రబడ్డాయి. నువ్వు ఏడ్చేశావు. నేను నమ్మలేక థర్మామీటరు మూడుసార్లు పెట్టి చూశాను.

తర్వాతి సంగతి నీకు తెలిసిందే. రూలు మీరి తల్లుల్ని రానిస్తున్నారని పైవాళ్లకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. నెలరోజులు తల్లులకి తలుపు మూశారు. ఉత్తరంలో ఏ బిడ్డ ఎంత బరువో కూడా ఉంది. రిజిస్టరు రాసేది నువ్వు కాబట్టి అందరి వేళ్లూ నీవైపే తిరిగాయి. పల్లెత్తు మాటనకుండా సంచీ సర్దుకుని వెళ్లిపోయావు. డాక్టరమ్మ రోజూ పైవాళ్ల గది ముందు బెంచీ మీద కూర్చుని, పోరి, తలుపు తెరిపించారు. ఇప్పుడు ఎక్కడెక్కడి ఆసుపత్రుల నుంచో నర్సులు ఆ పద్ధతి నేర్చుకోవడానికి వస్తున్నారు. నేర్పేది నేనే.

బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ చేతి కింద పని నేర్చుకున్న
చెల్లెలు

తా.క. అక్కా, ఆ ఉత్తరం రాసింది నేనే. నీ మీద పగతో కాదు, పిరికితనంతో. ఒక్క బిడ్డకి జ్వరమొచ్చినా ఉద్యోగం ఊడుతుందని వణికిపోయి, ఎడమచేత్తో రాశాను. నిన్ను అనుమానిస్తుంటే నోరు మెదపలేదు. తలుపు మూసిన ఆ నెలలో ఇద్దరు బిడ్డలు చల్లబడి చనిపోయారు. వాళ్ల బరువులు నాకిప్పటికీ కంఠతా వచ్చు. మొన్న అందరూ వెళ్లాక డాక్టరమ్మకి చెప్పేశాను. ముందు చెప్పాల్సింది నాకు కాదమ్మా, దానికి అన్నారు. అందుకే రాస్తున్నాను. ఈసారి కుడిచేత్తో.