టీవీ డాక్టరు చెప్పిన పొడి

మంగళవారం, తాడిపత్రి

నాయన కాలివేలు తీయాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

నిన్న ఆయన పక్క సర్దుతుంటే దిండు కింద మూడు అట్టల షుగరు మాత్రలు కనిపించాయి. ఒక్కటీ తీయలేదు.

"నెల నుంచి మింగల్యా పాపా. టీవీలో చెప్పిన పొడి తాగుతాండా" అన్నాడు.

రోజూ భోజనాల వేళ వచ్చే ప్రకటనే అది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, నలభై రోజుల్లో షుగరు మాయమవుతుంది, మాత్రలు పారేయండి అని నవ్వుతూ చెబుతాడు. నేను విసుక్కుని లేచిపోయేదాన్ని. నాయన నమ్ముతున్నాడని గమనించనే లేదు. తను పనిచేసే బండల పాలిషింగు ఫ్యాక్టరీలో బండ తగిలి అయిన పుండు నల్లబడుతున్నా, సాక్సు తొడిగి దాచాడు. నిన్న ఆ సాక్సు తీయించి చూశాకే ఆస్పత్రికి తీసుకురావాలని తెలిసింది.

ఇవాళ డాక్టరమ్మ కట్టు కడుతుంటే, "టీవీలో ఆ డాక్టరు గ్యారంటీ ఇచ్చినాడు కదమ్మా" అని అడిగాడు.

"ఆయన డాక్టరు కాదు పెద్దాయనా, దుడ్లు తీసుకొని నటించేటోడు. ఇంకో వారం ఆగింటే వేలు పోయుండేది."



ఇంటికొచ్చాక నాయన ఎవరూ అడగకుండానే మాత్ర వేసుకున్నాడు. పుండు మానేదాకా భయమే అయినా, గుండెల మీద బరువు దిగింది.

పక్కింటి మస్తానమ్మ కూడా అదే పొడి తాగుతోంది. రేపు పోయి చెప్తానన్నాను.

"నువ్వొద్దు పాపా" అన్నాడు నాయన. "ఆయమ్మకు ఆ పొడి తెప్పిచ్చిచ్చింది నేనే. నేనే పోయి చెప్తా."