కారు కింద ఎర్ర మరక

అమ్మా,

ఈరోజు కారు తియ్యకు. బ్యాంకుకి ఆటోలో వెళ్ళు. తాళం నేనే పట్టుకెళ్తున్నాను, వెతక్కు.

కారు కింద రోజూ కనబడే ఎర్ర మరక దిష్టి నీళ్ళు కాదు, గేర్‌బాక్స్ ఆయిల్. మన ఆటోమేటిక్ కారుకి అది ఎర్రగానే ఉంటుందట. ఎక్కడో సీలు పోయింది. మొన్న పంజగుట్ట ఫ్లైఓవర్ మీద ఇంజన్ అరిచింది గానీ బండి కదల్లేదన్నానే, ఆయిల్ తగ్గే గేరు పట్టలేదు. నువ్వేమో నేను లేవకముందే పసుపునీళ్ళు పోసి కడిగేస్తున్నావు, ఇంక నాకెలా తెలుస్తుంది? సాయంత్రం మెకానిక్ వస్తాడు. అప్పటిదాకా అక్కడ కడక్కు, మరక అతనికి చూపించాలి.

కనిపెట్టింది ఎవరనుకున్నావు? ఆ దిష్టి నీళ్ళు పోసిందని నువ్వు మాట్లాడ్డం మానేసిన కింది ఫ్లాట్ మధులత గారే. ఇందాక పార్కింగ్‌లో, "జర ఆగు సుధా, గీ బండి తియ్యకు, కింద ఆయిల్ పడుతుంది చూడు" అన్నారు. చెబుదామని పైకొస్తే నువ్వు గుడికెళ్ళావు. ఆవిడ కారులోనే ఆఫీసుకి వెళ్తున్నాను. హారన్ కొడుతున్నారు.

సుధ

మరిచా. ఆవిడ మక్క గారెలు పెట్టి ఇచ్చిన గిన్నె ఇంకా మన అలమరలోనే ఉంది. ఖాళీగా ఇవ్వకు.