మలుపు దగ్గర నాలుగు నిమిషాలు

బెళ్తంగడి,
జూన్ 3, బుధవారం.

వనదుర్గా మోటార్స్ యజమాని సంజీవ శెట్టిగారికి,

ప్రజ్ఞా బంగేరా నమస్కరించి రాయునది. ఈ రోజు పొద్దున ఏడుంపావుకు ఒక వింత జరిగింది. మంగళూరు వెళ్లే మీ బస్సు పనసచెట్టు మలుపులో ఆగింది. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. డ్రైవర్ దూమప్పన్న గొడుగు వేసుకుని చెట్టు వెనక్కి వెళ్లి, నాలుగు నిమిషాలకు ప్రశాంత వదనంతో తిరిగొచ్చారు. కండక్టర్ లోకేశన్నను అడిగితే, "పెద్దవాళ్ల సంగతి, నీకెందుకు చెల్లీ" అన్నాడు. నేను ఫార్మసీ రెండో ఏడాది. ఆ నాలుగు నిమిషాలకు మంగళూరులో కాలేజీ బస్సు తప్పి, నాకు మొదటి పాఠం సగం పోయింది. తగు చర్య తీసుకోగలరు.

ఇట్లు, ఆలస్యమైన
ప్రజ్ఞ

తా.క.: అంత జోరువానలో అంత ప్రశాంతత ఎలా వచ్చిందో తెలిస్తే రాయండి. పరీక్షల ముందు పనికొస్తుంది.

జూన్ 5

చిరంజీవి ప్రజ్ఞకు సంజీవ శెట్టి ఆశీస్సులు.

లోకేశ తెచ్చిన నీ ఉత్తరం చదివి దూమప్పను నిలదీశాను. తల వంచుకుని, "చెప్పుకునేది కాదు ధనీ" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ యజమాని దగ్గర ఏదీ దాచనివాడు దాస్తున్నాడంటే అది దైవం సంగతే అయ్యుండాలి. మన వైపు మలుపుకో దైవం ఉంటుంది కదా. ఆ నాలుగు నిమిషాలూ ఓర్చుకో తల్లీ.

ఇట్లు,
సంజీవ శెట్టి

తా.క.: అక్కడున్నది ఏ దైవమో కనుక్కోమని మనిషిని పంపాను. వాడికేమీ తెలియలేదు గానీ, ముందుజాగ్రత్తగా కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

జూన్ 9

శెట్టిగారికి నమస్కారాలు.

మీ కొబ్బరికాయ కొంప ముంచింది. దాన్ని చూసి ఎవరో దీపం పెట్టారు, ఇంకెవరో మల్లెదండ వేశారు. ఈ రోజు దూమప్పన్న వెనకే పదకొండు మంది దిగారు. ఆయన దండలు చూసి, దీపం చూసి, ఏ పనీ చేయకుండానే వెనక్కి వచ్చేశారు. తర్వాతి ఊరి దాకా బస్సును ఉరికించారు. అక్కడ హోటల్ వెనక్కి పరుగు. రక్తపోటు మాత్రల పాఠం నాకు చివరి పది నిమిషాలే దక్కింది.

ఇట్లు, అయోమయంలో
ప్రజ్ఞ

తా.క.: హోటల్ నుంచి ప్రశాంతంగానే వచ్చారు. మరి హోటల్లో ఏ దైవమున్నట్టు?

జూన్ 12

చిరంజీవి ప్రజ్ఞకు,

గుట్టు తెలిసింది. దూమప్పకు రక్తపోటట. గుండెకు ముప్పు రాకుండా డాక్టరు, ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టే నీళ్లమాత్ర ఇచ్చాడట. అది ఆరింటికి వేసుకుని బండెక్కుతాడు, ఏడుంపావుకు అది తన పని తాను చేస్తుంది. నీ ఉత్తరాల సంగతి విని సిగ్గుతో చచ్చిపోయి, బుధవారం నుంచి మాత్ర మానేశాడు. ఇప్పుడు బస్సు గడియారంలా నడుస్తోంది. సంతోషమేనా?

ఇట్లు,
సంజీవ శెట్టి

తా.క.: కాళ్లు కొంచెం వాచి చెప్పులు పట్టడం లేదట, ఒట్టికాళ్లతో నడుపుతున్నాడు. జనం మొక్కు అనుకుని ఆ కాళ్లకు దండం పెడుతున్నారు.

జూన్ 13

శెట్టిగారికి,

నా ఫిర్యాదు చింపేయండి. ఆ మాత్ర ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీటినీ బయటికి పంపి రక్తపోటును దించుతుంది. దొంగలు తిరిగే ఊళ్లో కాపలావాణ్ణి మాన్పించినట్టయింది మన పని. వేసుకునే వేళ మార్చాలన్నా, మోతాదు తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి, బస్సు టైమును చూసి మనం కాదు. స్టీరింగు ముందు ఆయనకేమైనా అయితే, ఆ నాలుగు నిమిషాలు నేను ఏం చేసుకోను? ఈ రోజే డాక్టరుతో మాట్లాడండి, మీకు దండం పెడతాను.

ప్రజ్ఞ

తా.క.: మిగిలిన మాత్రలు ఏమయ్యాయి? అవి ఇంకెవరికీ ఇవ్వనివ్వకండి.

జూన్ 14, ఆదివారం

చిరంజీవి ప్రజ్ఞకు,

నీ తా.క. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ మాత్రలు నేను మింగుతున్నాను. నాదీ రక్తపోటే కదా, పారేయడమెందుకని నా మాత్రతో పాటు వేసుకున్నాను. నిన్న కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరిగి లోకేశ మీద పడ్డాను. వాడు నడుం పట్టుకుని, "దైవం మీ మీదికొచ్చిందా ధనీ" అన్నాడు. ఆఫీసు నుంచి పెరటికి నలభై రెండు అడుగులని కూడా ఈ రెండు రోజుల్లోనే తెలిసింది.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఇద్దరినీ కలిపి తిట్టాడు. దూమప్ప మాత్ర నన్ను ముట్టుకోవద్దన్నాడు, అతణ్ణి ఇవాళే మళ్లీ మొదలుపెట్టమన్నాడు, తాను చూసేదాకా బండి ఎక్కవద్దన్నాడు. మాత్రల అట్ట అతనికి తిరిగిచ్చేశాను. దూమప్ప నా కళ్లెదుటే వేసుకున్నాడు.

రేపు పొద్దున ఏడింటికి మా ఇంటికి రా. ముగ్గురం ఆటోలో డాక్టరు దగ్గరికి వెళదాం. ఇద్దరి అట్టలన్నీ, మందుల చీటీలన్నీ సంచిలో సర్దాను.

ఇట్లు, కుర్చీలో కూర్చునే
సంజీవ శెట్టి

తా.క.: అక్కడ మాట్లాడాల్సింది నువ్వే. నువ్వు చెబుతుంటే పక్కన నిలబడి తలూపుతానంటున్నాడు దూమప్ప. నేనూ అదే చేద్దామనుకున్నాను గానీ, తల ఊపితే ఇంకా తిరుగుతోంది.