జీపు మీద సుద్దముక్క పేర్లు

పాత జీపుల సంఘం సెక్రటరీ గారికి,

నమస్కారం. మా ఆవిడ చివరి రోజు ఎలా గడిచిందని అడిగారు. రాస్తున్నాను.

ఉదయం ఆరింటికే మేలుకుంది. రెండు చెంచాల నీళ్లు తాగింది. పదింటికి నర్సు వచ్చి దుప్పటి మార్చింది. మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచి, "వారానికోసారి బండి స్టార్ట్ చేస్తున్నారా?" అంది. చేస్తున్నానన్నాను. ఒక్కసారి కూడా చేయలేదు. నాలుగున్నరకు పోయింది.

ఇప్పటికి నాలుగు నెలలు. నిన్న ఆమె జీపు తాళం తిప్పాను. ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. షెడ్డులో నేలమీద నల్లటి మరక రోజూ పెరుగుతోంది. మీ నియమావళి చదివాను. ఏటా సంఘంతో కొండ ఎక్కడానికి వరసగా రెండేళ్లు రాని బండిని విప్పి, భాగాలు మిగతా బండ్లకు పంచాలని ఏడో నియమం. ఆమె జబ్బు వల్ల పోయిన ఏడాది రాలేదు. ఈ ఏడాది గడువు ఇక నెల రోజులే. ఆ బండిని కూడా పోగొట్టుకోలేను. ఏం చేయాలో చెప్పండి.

భవదీయుడు,
రిటైర్డ్ లైబ్రేరియన్

తా.క. షెడ్డులోకి వెళ్లే ముందు తలుపు తడుతున్నాను. ఎందుకో తెలియదు.

*

బావగారికి,

మీ లేతు మిషను బావ దండాలు. చెల్లెమ్మ నన్ను నోరారా అన్నయ్యా అనేది కాబట్టి మీరు నాకు బావగారే. సెక్రటరీ గారూ అంటే నా వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఫోను మాత్రం చేయకండి. ముప్పై ఏళ్లు లేతు పక్కన నిలబడి చెవులు రెండూ దానికే సమర్పించుకున్నాను.

ఆదివారం నలుగురం వచ్చి బండి చూస్తాం. బోనెట్ తెరిచి ఉంటే మీరు చూడలేరని నాకు తెలుసు. తాళం పక్కింట్లో ఇచ్చి ఎక్కడికైనా వెళ్లండి. మా పని మేం చూసుకుంటాం.

ఉంటాను,
లేతు బావ

తా.క. నల్ల మరకకి భయపడకండి. నా బండి కార్చినంత నూనె మా ఆవిడ వంటలో కూడా పోయదు.

*

సెక్రటరీ గారికి,

ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చి షెడ్డు తెరిచాను. బండి నిండా సుద్దముక్కతో పేర్లున్నాయి. గేర్‌బాక్సు మీద "పళ్ల డాక్టరు". రేడియేటరు మీద "లెక్కల టీచరమ్మ". రెండు తలుపుల మీదా "పొట్టోడు". ఇంజను మీద మీ పేరు, కింద రెండు గీతలు.

నాకు అర్థమైంది. ఏడో నియమానికి ఇంకా గడువుంది. అప్పుడే ఎవరికేది కావాలో రాసుకున్నారు. ఆమె పోయి నాలుగు నెలలే అయిందని మనవి.

భవదీయుడు,
రిటైర్డ్ లైబ్రేరియన్

తా.క. టీచరమ్మ గారు ఆమె పోయిన రోజు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. రేడియేటరు కోసమని అనుకోలేదు.

*

బావగారికి,

మీ ఉత్తరం పళ్ల డాక్టరు చదివి సారాంశం చెప్పాడు, నా కళ్లజోడు లేతు కింద పడి ముక్కలైంది. నలుగురే రాసుకున్నారని మీరు నొచ్చుకున్నారట. నొచ్చుకోకండి! మిగతావాళ్లూ "మాకేం మిగల్చలేదేం" అని నా మీద పడుతున్నారు. వచ్చే ఆదివారం పదకొండు మందిమి వస్తున్నాం. పొద్దున్న మొదలెడితే సాయంత్రానికి ఒక్క బోల్టు కూడా బండిలో ఉండదు, మీదే ఆలస్యం. ఇంజను కోసం పొట్టోడితో కొట్టుకున్నంత పనైంది. వదుల్తానా? నాదే.

ఉంటాను,
లేతు బావ

తా.క. చెల్లెమ్మ కూర్చునే సీటు కోసం ముగ్గురు పట్టుబట్టారు. చీట్లు వేస్తాం.

*

సెక్రటరీ గారికి,

తడిగుడ్డతో పేర్లన్నీ తుడిచేశాను. షెడ్డుకు రెండో తాళం వేశాను. పుస్తకం చూసి ముందు చక్రం ఒకటి విప్పాను. మూడు గంటలు పట్టింది. అది నా మంచం కింద ఉంది. బోనెట్ కింద తీగలు తగిలించిన నల్లటి వస్తువొకటి పీకి పంచదార డబ్బాలో దాచాను. అది లేకపోతే బండి కదలదనుకుంటున్నాను. కాదేమోనని భయంగానూ ఉంది.

ఆదివారం గేటు దగ్గర నేనుంటాను. నా వయసు అరవై నాలుగు. చేతిలో జాకీ రాడ్ ఉంటుంది.

రిటైర్డ్ లైబ్రేరియన్

తా.క. చక్రానికి ఐదు నట్లు. నాలుగే దొరికాయి. ఈ ఉత్తరం టీచరమ్మ గారితో చదివించుకోండి. డాక్టరు గారి సారాంశం వద్దు.

*

బావగారూ, బావగారూ,

రాడ్ కింద పెట్టండి. టీచరమ్మ ఉన్నదున్నట్టు చదివింది. చదివి, "మనుషులేనా మీరు? ఆయనకి ముందు చెప్పొద్దూ?" అని అందరికీ తలంటింది. తన పేరు కూడా ఉందని ఆవిడకి గుర్తు లేదు.

మా సంఘంలో ఒకరి బండి పడకేస్తే, ఎవరే భాగం బాగుచేస్తారో దాని మీద వాళ్ల పేరు రాస్తాం. రాసినవాడు బాగుచేసి బిగించేదాకా వదలకూడదు. కావాలని మీకు చెప్పకపోవడం కాదు, మీకు తెలియదన్న సంగతే తోచలేదు. ఎందుకంటే ఆ పద్ధతి పెట్టిందే చెల్లెమ్మ. నా ఇంజను మీద ఆరుసార్లు పేరు రాసింది మహాతల్లి. ఏడో నియమం బద్ధకస్తుల్ని బెదిరించడానికి. ఇంతవరకు ఏ బండినీ పంచలేదు.

ఒక్క స్టీరింగు మీద మాత్రం ఎవరం రాయలేదు. కొండ మీదికి నడిపేది మీరేగా! "నాకు డ్రైవింగు నేర్పింది మా ఆయనే" అని చెల్లెమ్మ ప్రతి ఏడాదీ, మీరు రాని మీటింగుల్లో, గొప్పగా చెప్పుకునేది. శిష్యురాలే అలా నడిపితే గురువు ఎలా నడుపుతాడో చూడాలని మావాళ్లు కాచుకుని ఉన్నారు.

ఉంటాను,
లేతు బావ

తా.క. మీరు పీకింది సరైనదే. అది లేకపోతే బండి కదలదు. సంఘంలో చేరి ఇరవై ఏళ్లయినా పొట్టోడికి అదెక్కడుంటుందో తెలియదు.

*

బావగారికి,

క్షమించండి. ఆదివారం గేటు తెరిచే ఉంటుంది. పదకొండు మందికీ కుర్చీలు అడిగి తెచ్చాను. చక్రం మంచం కింద నుంచి తీశాను.

మీతో ఒక మాట చెప్పాలి. ఆమెకు డ్రైవింగు నేర్పింది మా మామగారు. నాకు నడపడం రాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి స్టీరింగు పట్టుకున్నాను, బండి కదలకముందే దిగిపోయాను. ఆ రోజు నుంచీ పక్క సీట్లోనే, ముప్పై ఒక్క ఏళ్లు. ఎత్తు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేవాణ్ణి. ఆమె మీకందరికీ అలా చెప్పిందని మీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. నలుగురిలో నేను చిన్నబోకూడదనుకుంది కాబోలు.

కొండ ఎక్కడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఆమె మాట అబద్ధమని మీవాళ్లకు చెప్పకండి. మా వీధి చివర డ్రైవింగు స్కూలుంది. అడిగితే, "మనవడికాండీ?" అన్నారు. నాకేనన్నాను. చాలా భయంగా ఉంది. రేపు ఉదయం ఏడింటికి మొదటి పాఠానికి వెళ్తాను.

మీ బావ