పక్క సీటు సమీక్ష

ఎర్లాంగెన్, జర్మనీ,
ఆదివారం.

లక్ష్మణరావు బావగారికి,

మీ చెల్లెలు ప్రవీణ మీద నాకొక అనుమానం. నా ఫోన్ తను చూస్తుంది, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఇక్కడ తెలుగు సినిమా వస్తే ఒక్క ఆటే వేస్తారు. చూసొచ్చిన రోజే మన తెలుగువాళ్ల ఫేస్‌బుక్ పేజీలో సమీక్ష పెట్టడం మూడేళ్లుగా నా అలవాటు. ఈమధ్య నాది పడిన గంటకల్లా ‘ప్రేక్షకుడు’ అనే దొంగపేరుతో ఇంకో సమీక్ష పడుతోంది. అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు.

మొదట టికెట్లు అమ్మే సృజన్‌ని నిలదీశాను. “అన్నా, అడ్రసు నమోదు చేయించుకునే నా అన్‌మెల్డుంగ్ ఫారమే నువ్వు నింపిచ్చావ్. నేను రివ్యూ రాస్తానా?” అన్నాడు. నేను నమ్మలేదు.

నిన్నటి సమీక్షలో ఇలా ఉంది: “నా పక్కాయన సెల్‌ఫోన్ వెలుతురులో నోటుబుక్కు నింపుకుంటూ ఆఖరి సీను చూడనేలేదు.”

ఆ నోటుబుక్కు నాదే. నాకు ఒక పక్క గోడ, రెండో పక్క ప్రవీణ. అడిగితే, “నేను నిద్రపోయానుగా!” అంది. సినిమాకి వెళ్లిన ప్రతిసారీ అదే మాట.

మీరు ఫోన్ చేసినప్పుడు మాటల్లో పెట్టి కనుక్కోండి. నా పేరు మాత్రం రానివ్వకండి. రాసేది తనేనా అని కూడా అడగక్కర్లేదు. నిన్నటి సినిమా ఆఖర్లో ఆ తల్లి కొడుక్కి తలుపు తీసిందా లేదా, అదొక్కటీ అడగండి.

తీసిందని నా సమీక్షలో నేను రాసేశాను.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త