ఆఖరి భాగమన్నారు

శుక్రవారం, రాత్రి

ఆ దెయ్యం సినిమా ఐదో భాగం ఇవాళ అమలాపురంలో చూశాను. వట్టి దండగ. మా ఆయనకు కువైట్‌లో శుక్రవారం సెలవు. ప్రతి భాగమూ ఆయన అక్కడ, నేను ఇక్కడ ఒకే వేళకు చూస్తూ, ఇంటర్వెల్లో ఫోన్ చేసుకుని మా భయాలు చెప్పుకుంటాం. ఇవాళ చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"ఏం బాలేదే. నేను మధ్యలోనే బయటికొచ్చేసేను," అన్నారు.

"ఇదే ఆఖరి భాగమంట కదండీ, పూర్తిగా చూడాల్సింది."

"వీసా మళ్ళీ రెన్యూవల్ చేయించేసేనే. ఇదే ఆఖరిసారి," అన్నారు.

"ఆయ్," అన్నాను. కిందటిసారీ అదే అన్నాను.

లోపలికెళ్ళి కూర్చున్నాను. అవే కిర్రుమనే తలుపులు, అవే ఆరిపోయే దీపాలు. చివర్లో, పాతిపెట్టిన దెయ్యం మళ్ళీ కళ్ళు తెరిచింది. హాలంతా నవ్వింది.

నాకు మాత్రం అప్పుడే భయం వేసింది.